స్కాన్ సీడీ తెరుచుకోకపోతే

"సిస్టరమ్మా, సీడీ పాడైందట. మళ్ళీ సీటీ తీయించుకోమన్నారు" అంటూ యాప్రాల్ పెద్దాయన ఒకరు నగరంలోని ఆసుపత్రి నుండి తిరిగి వచ్చారు. మా కంప్యూటరులో వేస్తే చక్కగా కనిపించింది!

స్కాన్ బొమ్మలను డైకామ్ అనే పద్ధతిలో భద్రపరుస్తారు. 1985లో అమెరికాలో రేడియాలజిస్టుల సంఘం, యంత్రాల తయారీదారుల సంఘం కలిసి మొదటి ప్రమాణాన్ని తెచ్చాయి. 1993లో దానికి ఈ పేరు వచ్చింది. ఏ కంపెనీ యంత్రంలో తీసినా ఎక్కడైనా చూడగలగాలని ఉద్దేశం.

అయితే ఫైలు లోపల బొమ్మను కుదించే విధానాలు అనేకం. జేపెగ్ 2000 విధానంలో కుదించిన బొమ్మను విప్పే లైబ్రరీ, అంటే సాఫ్ట్‌వేరులో ఆ పని చేసే భాగం, లేకపోతే పాత కంప్యూటరు రోగి పేరు, వయస్సు చూపించి బొమ్మ దగ్గర ఆగిపోవచ్చు. మూట అందినా ముడి విప్పడం రానట్టే.

ఖర్చు అటుంచి, సీటీ తీసిన ప్రతిసారీ శరీరానికి ఎక్స్‌రే కిరణాలు తగులుతాయి. జబ్బు మారిందేమో చూడాలని డాక్టరుగారు మళ్ళీ తీయించమంటే తప్పక తీయించండి. సీడీ తెరుచుకోలేదన్నదే కారణమైతే, మొదట స్కాన్ సెంటరులో కుదించని కాపీ అడగండి. ఫైళ్ళ పేర్లు మార్చవద్దు. ఫిల్ము, రిపోర్టు కూడా వెంట ఉంచుకోండి. ఫోనులో తీసిన ఫోటో వీటికి బదులు కాదు.

పెద్దాయనకు కుదించని కాపీ దొరికింది. అదే ఆసుపత్రిలో తెరుచుకుంది.