విద్యార్థి ఆవిష్కరణ ఎవరి సొత్తు? అపోహలు – వాస్తవాలు

నాయకరాజుల నాటి నుంచి కోయంబత్తూరు, మదురై సీమలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కొన్ని సేద్యం నుంచి నూలుమిల్లులకు, మిల్లుల నుంచి విద్యాదానానికి మళ్లగా, 1926లో పి.ఎస్.జి. ధర్మసంస్థ, 1951లో దాని ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడ్డాయి, పారిశ్రామికవేత్త జి.డి. నాయుడు తోడ్పాటుతో 1945లో నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట మరో సాంకేతిక విద్యాలయం వెలసింది. యంత్రనిర్మాణానికి పేరుపడిన ఈ గడ్డమీద సైతం, విద్యార్థి బుద్ధిబలంతో పుట్టిన మేధోసంపత్తి ఎవరిదన్న విషయంలో అపోహలకు కొదవ లేదు.

అపోహ: కళాశాలలో తయారైనదంతా కళాశాలదే.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయితే, ఉద్యోగి తన విధుల్లో భాగంగా చేసినదానిపై హక్కు యజమానికి చెందుతుంది గాని, ఫీజు కట్టి చదివే విద్యార్థి ఉద్యోగి కాడు. 1970 నాటి పేటెంట్ చట్టం కూడా దరఖాస్తు హక్కును ఆవిష్కర్తకు, లేదా అతడు రాతపూర్వకంగా హక్కు బదిలీ చేసినవారికి ఇస్తుంది. చిక్కంతా ఆ రాతలోనే ఉంది, ఎందుకంటే ప్రవేశ సమయంలో చదవకుండా సంతకం చేసిన హామీపత్రంలోనే అటువంటి షరతు ఉండవచ్చు.

కేంద్ర విద్యాశాఖ 2019లో విద్యాసంస్థలకు మార్గదర్శకంగా వెలువరించిన ఆవిష్కరణల, స్టార్టప్‌ల విధానం దీనికొక గీత గీసింది. నేల తేమను బట్టి పంపుసెట్టును నడిపే పరికరాన్ని ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా, కళాశాల ల్యాబులో తయారుచేస్తే హక్కు ఉమ్మడిది. అదే పరికరాన్ని పాఠ్యాంశంతోనూ కళాశాల వనరులతోనూ నిమిత్తం లేకుండా సొంత ఖర్చుతో చేస్తే పూర్తిగా విద్యార్థిదే. వివాదం వస్తే తేల్చేది కనీసం ఐదుగురి సంఘం: ఇద్దరు అధ్యాపకులు, ఇద్దరు పూర్వవిద్యార్థులు లేదా పరిశ్రమ నిపుణులు, ఒక న్యాయసలహాదారు. చదువుతున్న విద్యార్థికి అందులో చోటు కేటాయించకపోవడం లోపమే.

అపోహ: గైడ్ పేరు ఆవిష్కర్తగా ఉండి తీరాలి.

వాస్తవం: ఆవిష్కరణకు మూలమైన ఆలోచనలో పాలుపంచుకున్నవారే ఆవిష్కర్తలు, పర్యవేక్షణ, సంతకం అందుకు చాలవు.

అపోహ: ముందు టెక్‌ఫెస్ట్‌లో ప్రదర్శించి, బహుమతి వచ్చాక పేటెంట్ సంగతి చూసుకోవచ్చు.

వాస్తవం: బహిరంగంగా వెల్లడైన అంశం కొత్తదనాన్ని, దానితోపాటే పేటెంట్ అర్హతను పోగొట్టుకుంటుంది, పన్నెండు నెలల వెసులుబాటు ప్రధానంగా కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలకు, విద్వత్సభల్లో చదివిన పత్రాలకు వర్తించేదే తప్ప కళాశాల ఉత్సవాలన్నిటికీ కాదు.

అపోహ: దరఖాస్తుకే లక్షలు కావాలి.

వాస్తవం: వ్యక్తి తన పేరున ఆన్‌లైన్‌లో దాఖలు చేసే సాధారణ దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు, 2021 సెప్టెంబరు సవరణతో విద్యాసంస్థలకూ అదే రుసుము వర్తిస్తోంది.