మారిషస్‌లో నువ్వెవరంటే…

మారిషస్‌లో శాసనసభకు నామినేషన్ వేసే అభ్యర్థి తన వర్గమేదో చెప్పాలని రాజ్యాంగం అంటుంది. 1968లో స్వాతంత్ర్యంతో పాటు వచ్చిన ఆ రాజ్యాంగం అక్కడివారిని నాలుగు వర్గాలు చేసింది. హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు. జీవన విధానాన్ని బట్టి చూస్తే ఈ మూడింట్లో దేనికీ చెందనివారంతా ‘సాధారణ జనాభా’.

దీని వెనుక ఉన్నది దురుద్దేశం కాదు, భయం. బ్రిటిష్‌వారు వెళ్లిపోతే పెత్తనమంతా హిందువులదే అవుతుందని మిగతావారు కలవరపడ్డారు. అందుకే నేరుగా గెలిచే 62 మందికి తోడుగా, ప్రాతినిధ్యం తగ్గిన వర్గాలకు ఓడిన అభ్యర్థుల నుంచి 8 సీట్ల వరకు ఇస్తారు. తొలినాళ్లలో అది అల్పసంఖ్యాకులకు ధైర్యమిచ్చింది, కాదనలేం. కానీ ఏ వర్గానికి ప్రాతినిధ్యం తగ్గిందో తేల్చే లెక్కకు ఆధారం 1972 జనగణన. ఆ తర్వాతి జనగణనల్లో వర్గం అడగడమే మానేశారు. జనాన్ని అడగని ప్రశ్నను అభ్యర్థులను మాత్రం అడుగుతున్నారు!

నన్ను ఎక్కువగా కలచివేసేది ఆ నాలుగో వర్గం. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి అయిన క్రియోల్‌లు, ఆ బానిసలతో చెరకు తోటల్లో చాకిరీ చేయించిన ఫ్రెంచి యజమానుల సంతతి ఇద్దరూ అందులోనే ఉన్నారు. కాగితం మీద ఇద్దరిదీ ఒకటే వర్గం. ఆస్తిలో, పలుకుబడిలో పొంతనే లేదు. 1999లో క్రియోల్ గాయకుడు కాయా పోలీసు కస్టడీలో చనిపోయినప్పుడు దీవి అంతా అట్టుడికింది. క్రియోల్ పేదల్లో ఏళ్లుగా పేరుకున్న అవమానం ఆ రోజుల్లో వీధికెక్కింది.

మనవాళ్ల సంగతీ చూడండి. తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువారి వారసులను ఎన్నికల లెక్క హిందువుల్లో కలిపేస్తుంది. వారికేమో 1947 నుంచీ సొంత ఆంధ్ర మహాసభ ఉంది. ఉగాదికి దేశమంతటా సెలవే. బజారుకెళ్తే వారి నోటా అందరిలాగే క్రియోల్ భాషే. మనిషి ఒకేసారి ఇన్ని విధాలుగా ఒక దేశానికి చెందుతాడు. ఒక్క మాటలో తేల్చమంటే ఎలా?

వర్గం చెప్పలేదని నామినేషన్లు తిరస్కరించడం, అదీ పాత లెక్కల ఆధారంగా, సరికాదని 2012లో ఐరాస మానవ హక్కుల కమిటీ తేల్చింది. 2014 ఎన్నికలకు తాత్కాలిక సడలింపు ఇచ్చి సరిపెట్టారు. అల్పసంఖ్యాకుల భయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే దానికి వేరే దారి ఉంది. పార్టీలకు పడిన ఓట్ల దామాషాలో అదనపు సీట్లు ఇవ్వాలని ఎన్నికల సంస్కరణలపై వేసిన ఆల్బీ శాక్స్ కమిషన్ 2002లోనే సూచించింది. మారిషస్ ఆ దారి పట్టాలి, 1972 లెక్కను ఇకనైనా పక్కన పెట్టాలి.