వాన లేని నెలల్లో మలేరియా దోమ ఎక్కడుంటుంది?

ఆఫ్రికాలో సహారా ఎడారికి దక్షిణాన, పడమటి నుంచి తూర్పుకు పరచుకున్న మెట్ట ప్రాంతమే సాహెల్. అక్కడ ఏడాదిలో సగానికి పైగా వాన జాడ ఉండదు. కుంటలు ఎండుతాయి, వాటితోపాటే దోమలూ కనుమరుగవుతాయి. అయితే తొలకరి పడిన కొద్ది రోజులకే అవి మళ్లీ ఇళ్లలో ప్రత్యక్షమవుతాయి. గుడ్డు నుంచి రెక్కల దోమ వెలువడాలంటే సాధారణంగా వారానికి పైగా పడుతుంది. కాబట్టి ఆ తొలి దోమలు కొత్త నీటిలో పుట్టినవి కావు. మరి ఎక్కడివి?

డెంగీని మోసే ఈడిస్ దోమ విషయంలో ఈ చిక్కు లేదు. దాని గుడ్లు ఎండిన తొట్టి గోడను అంటిపెట్టుకొని నెలల తరబడి సజీవంగా ఉంటాయి. మలేరియాను మోసే ఆఫ్రికా అనాఫిలిస్ దోమ గుడ్లకు అంతటి ఓర్పు లేదు. ఎండాకాలాన్ని దాటవలసింది పెరిగిన ఆడదోమే. దాని ఆయుష్షు మామూలుగా కొన్ని వారాలు.

మాలి దేశంలోని టియెరోలా గ్రామం ఈ ప్రశ్నకు చాలావరకు జవాబిచ్చింది. వానాకాలం చివర గుర్తు పెట్టి వదిలిన ఆడదోమల్లో ఒకటి ఏడు నెలల తరువాత, మళ్లీ వానలు మొదలైన వేళ పరిశోధకులకు చిక్కింది. ఒక్క దోమతో రుజువు కాదని సందేహించిన వారున్నారు, అది న్యాయమే. తరువాత లార్వాలున్న నీటిలో డ్యుటీరియం కలిపి, ఆ గుర్తును దేహంలో మోస్తున్న దోమలను ఎండాకాలం ముగిశాక పట్టుకున్నారు. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. ఇలా బతికేది అనాఫిలిస్ కొలుజీ అనే జాతి. ఎండాకాలంలో దీని గుడ్లు పెట్టే శక్తి బాగా తగ్గుతుంది. పాఠ్యపుస్తకాలు ఈ స్థితిని గ్రీష్మకాల సుప్తావస్థ అంటాయి. నిద్ర అనుకుంటే మాత్రం పొరపాటు: టియెరోలాలో నడి ఎండాకాలంలోనూ ఈ దోమలు ఒక్కోసారి ఉన్నట్టుండి పెద్ద సంఖ్యలో కనిపించాయి. సూడాన్‌లో 1960ల నాటి పరిశోధకులు మరో జాతి ఆడదోమలను పాడుబడిన గుడిసెల్లో, ఎండిన బావుల్లో, జంతువుల బొరియల్లో కనుగొన్నారు.

టియెరోలాలోనే అనాఫిలిస్ గాంబియే తీరు వేరు. ఎండాకాలమంతా ఒక్కటీ కనిపించదు. దాని సంఖ్య పుంజుకునేది వానలు పడిన సుమారు రెండు నెలలకు. ఊళ్లోనే దాగి ఉంటే అంత ఆలస్యం కాదు. దూరం నుంచి వస్తోందన్న అనుమానానికి 2019లో బలం చేకూరింది. హీలియం బెలూన్లకు వలలు కట్టి రాత్రివేళ ఆకాశంలో నిలిపితే, నేలకు 40 నుంచి 290 మీటర్ల ఎత్తున మలేరియా దోమలు పడ్డాయి. వాటిలో అధికభాగం ఆడవే. గాలివాటున ఒక్క రాత్రిలో 300 కిలోమీటర్ల వరకు సాగగలవని లెక్కతేలింది.

ఈ తేడా నియంత్రణ పనిని నేరుగా తాకుతుంది. ఊళ్లోనే మిగిలే జాతిపై వానాకాలం చివర దెబ్బ తీస్తే మరుసటి ఏటి విత్తనమే తగ్గుతుంది. గాలిలో వచ్చే జాతిపై ఆ ఊరి శ్రమ ఒక్కటే చాలదు. పైగా మలేరియా పరాన్నజీవి కూడా ఎండాకాలాన్ని దాటుతుంది, జ్వరమే లేని మనుషుల రక్తంలో తక్కువ సంఖ్యలో నిలిచి.

మూడో దారి దక్షిణాసియా వారికి పరిచితమే. మన నగరాల మలేరియా దోమ అనాఫిలిస్ స్టెఫెన్సీకి దాగే అవసరమూ లేదు, ఎగిరే అవసరమూ లేదు. మేడ మీది ట్యాంకులు, డ్రమ్ములు, సిమెంటు తొట్లు దానికి ఏడాది పొడవునా కుంటలే. నీటి ఎద్దడి పెరిగేకొద్దీ జనం మరింత నీరు నిల్వ చేస్తారు, దోమకు మరింత చోటు దొరుకుతుంది. ఈ దోమ 2012లో జిబూటీలో బయటపడింది. ఆ ఏడాది అక్కడ నమోదైన మలేరియా కేసులు 27. 2020 నాటికి అవి 73 వేలు దాటాయి. ఇథియోపియాలోని డైర్ దావా నగరంలో 2022లో మలేరియా విజృంభించింది ఎండాకాలంలోనే. మన మున్సిపాలిటీలు వారానికోసారి పాత్రలు ఖాళీ చేసి ఆరబెట్టమని చెప్పే ‘డ్రై డే’ వెనుక ఉన్నది ఇదే లెక్క: లార్వా దోమగా మారేలోపే నీరు పోవాలి. ఖాళీ చేయలేని ట్యాంకుకు దోమ దూరనంత బిగువైన మూత కావాలి.