మా పది లీటర్ల కుక్కరు

మా నాయన బిన్నీ మిల్లులో రిటైరైనప్పుడు చేతికొచ్చిన డబ్బులో మా అమ్మ మొట్టమొదట కొన్నది పది లీటర్ల కుక్కరు. అంగట్లోనే దాని పక్కన నాయన పేరు తెలుగులో కొట్టించింది. ఎవరింటికి పోయినా మళ్ళీ మనింటికే రావాలని. మాగడి రోడ్డు పక్కన మా వఠారంలో సీమంతమైనా, నామకరణమైనా, తిథి అయినా ఆ కుక్కరు వెళ్ళొస్తుంది. వెళ్ళేది ఖాళీగా, వచ్చేటప్పుడు అడుగున గుప్పెడు బియ్యమో, రెండు వడలో ఉంటాయి. అది మన పద్ధతి.

పక్కింటివాళ్ళు దూదేకులవాళ్ళు. హిందూపురం వైపు నుంచి వచ్చారు. తాతలు దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళట, తర్వాత మిల్లులో చేరారు. ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ నాకెంత వచ్చో వాళ్ళకూ అంతే వచ్చు. వాళ్ళబ్బాయి నన్ను పెద్దమ్మా అంటాడు. డెలివరీ బండి తోలేవాడు.

2022 నవంబరు 19, శనివారం సాయంత్రం మంగళూరులో ఆటోలో బాంబు పేలింది. డ్రైవరుకూ, లోపల కూర్చున్నవాడికీ కాలింది. ఆ ప్రయాణికుడి సంచిలో ఉన్నది కుక్కరు. టీవీలో రోజంతా అదే చూపించారు. మనమందరం చూశాం. సంచిలో కుక్కరు పట్టుకుని ఎవరైనా కనిపిస్తే పోలీసులకు చెప్పండని వాట్సాప్‌లో ఒక మెసేజ్ తిరిగింది. దాంట్లో ఒక మతంవాళ్ళ గురించి ఇంకో రెండు మాటలున్నాయి. నేను సగమే చదివి మా వఠారం గ్రూపులో వేశాను. ఈ సంగతి దాచిపెట్టి మిగిలింది రాస్తే అబద్ధం రాసినట్టే.

తర్వాతి వారం మా కుక్కరు గ్యాస్కెట్ పోయింది. పిడి కూడా వదులైంది. ఆ అబ్బాయి బండి సర్వీసుకిచ్చాడు, చిక్కపేట వైపే పోతున్నాడంటే, "బాబూ, దీన్ని కూడా బాగు చేయించుకురా" అని నేనే రెక్సిన్ సంచిలో పెట్టిచ్చాను. బస్సులో పక్కనున్నాయన సంచిలో ఏముందని అడిగాడు. కుక్కరన్నాడు. అంతే, ఆడవాళ్ళు లేచి ముందుకు జరిగారు, కండక్టరు బస్సు ఆపించాడు.

పోలీసులు వచ్చి సంచి విప్పారు. మూత తీసి చూశారు. అరిగిన గ్యాస్కెట్, ఒక మసిగుడ్డ ఉన్నాయి. చూడటం తప్పని నేననను. మంగళూరు సంగతి జరిగి వారమైనా కాలేదు, చూడాల్సిందే. కానీ అది రెండు నిమిషాల పని. ఆ తర్వాత పేరడిగారు. పేరు చెప్పాక ఇంకో ఆరు గంటలు పట్టింది.

కుక్కరు మీద ఒక పేరుంది, వీడి పేరు ఇంకొకటి. ఎక్కడ కొట్టేశావన్నారు. ఫోన్ తీసుకుని గ్రూపులన్నీ చూశారు. హిందూపురంలో ఎవరున్నారు, నెలకెన్నిసార్లు పోతావు, ఉర్దూ రాదంటే అబద్ధమెందుకు చెప్తున్నావని. వాళ్ళమ్మకు ఫోన్ వచ్చింది రాత్రి ఏడున్నరకు. ఆమె నా తలుపు కొట్టి ఒకటే మాటంది: "అక్కా, కుక్కరు నీదని వచ్చి చెప్పు."

నేను, మా ఆయన పోయాం. రేషన్ కార్డు, నాయన మిల్లు గుర్తింపు కార్డు తీసుకుపోయాను. కార్డులో పేరు, కుక్కరు మీద పేరు ఒకటేనని చూపించాను. అక్కడున్నాయన కన్నడంలో, "ఇంత చిన్న విషయానికి ఏడుపెందుకమ్మా" అన్నాడు. చిన్న విషయమైతే ఆరు గంటలు ఎందుకని అడగాలనుకున్నా, నోరు రాలేదు. అబ్బాయిని పంపించారు. ఫోన్ నాలుగు రోజుల తర్వాత ఇచ్చారు. ఫోన్ లేకపోతే డెలివరీ లేదు. ఆ పని పోయింది.

ఇది మన ఒక్కరికే కాదు. మంగళూరు కేసులోనే ఆ కాలినవాడి దగ్గర దొరికిన ఆధార్ ఇంకొకరిది. హుబ్బళ్ళి మనిషి, రైల్వేలో పని చేసుకునేవాడు, ఎప్పుడో కార్డు పోగొట్టుకున్నాడు. పోలీసులు ముందు ఆయన్నే అడిగారు. ఆయన పేరు వేరే మతంది కాబట్టి ఊరు అతన్ని వింతగా చూడలేదు, అంతే తేడా. 2013లో అమెరికాలో బోస్టన్ పరుగు పందెంలో కుక్కర్ బాంబులు పేలి ముగ్గురు చనిపోయారు. నెల తిరగ్గానే మిషిగన్ రాష్ట్రంలో ఒక సౌదీ విద్యార్థి కుక్కర్లో అన్నం, మాంసం కలిపి వండి స్నేహితుడి ఇంటికి భోజనానికి పట్టుకుపోయాడు. మన బిర్యానీ లాంటిదే. పక్కింటివాళ్ళు చూసి చెప్పారు, ఎఫ్‌బీఐ వాళ్ళు ఇంటికొచ్చారు.

మన బెంగళూరులో చదివిన డాక్టర్ హనీఫ్ కథ కుక్కరు కాదు, సిమ్ కార్డు. 2007 జులై 2న ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ విమానాశ్రయంలో పట్టుకున్నారు. అప్పుడే పుట్టిన బిడ్డను చూడటానికి ఇక్కడికి బయల్దేరినవాడు. ఇంగ్లండు వదిలేటప్పుడు సిమ్ బంధువుకిచ్చాడు, అదే నేరమైంది. ఆ సిమ్ గ్లాస్గోలో దాడి చేసిన బండిలో దొరికిందని కోర్టులో చెప్పారు, నిజానికి అది లివర్‌పూల్‌లో ఉంది. జులై 27న కేసు ఎత్తేశారు. తర్వాత విచారణ జరిపి ఆయన తప్పేమీ లేదని తేల్చి, 2010లో పరిహారమిచ్చారు. హైదరాబాదులో 2007 మే 18న మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకున్న కుర్రాళ్ళను కోర్టులు వదిలేశాయి. ప్రభుత్వం వాళ్ళకిచ్చిన పరిహారం చెల్లదని 2013లో హైకోర్టు అంది. ఆస్ట్రేలియావాడు తప్పు ఒప్పుకుని ఇచ్చాడు, మనవాళ్ళు ఇచ్చింది కూడా నిలవలేదు.

ఆ రాత్రి నాకు తెలియనిది తర్వాత యూనియన్ వకీలు చెప్పాడు. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణ. ఆడవాళ్ళను సాక్షిగా ప్రశ్నించాలంటే ఠాణాకు రమ్మనకూడదు, వాళ్ళే ఇంటికి రావాలి. అప్పట్లో 160వ సెక్షన్, 2024 జులై నుంచి కొత్త చట్టంలో 179. ఫోన్ తీసుకుంటే తీసుకున్నట్టు కాగితం అడగండన్నాడు. మేం అడగలేదు.

మెసేజ్ సంగతి ఆ అబ్బాయికి చెప్పాను, నెల తర్వాత. "చూశాను పెద్దమ్మా, ఆ గ్రూపులో నేనూ ఉన్నా కదా" అన్నాడు. నాకు ఆ సంగతే గుర్తులేదు.

వాళ్ళింట్లో ఏదైనా జరిగితే ఇప్పటికీ మా కుక్కరే పోతుంది. ఇవ్వడానికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఒక చేత్తో గిన్నె, ఇంకో చేత్తో మూత పట్టుకుని వస్తుంది. సంచిలో పెట్టుకోదు. అబ్బాయి దాన్ని ముట్టుకోడు.