పాదచారయోగ్యత

అవరోధములు లేని పాదబాట రాజ్యాంగపు 21వ అధికరణము ప్రసాదించిన జీవనహక్కులో అంతర్భాగమేయని 2025 మే నెలలో సుప్రీంకోర్టు పలికిన నాటినుండి మఱల వినవచ్చుచున్న యీ పదమునకు, సామాన్యుఁడు వాహనసహాయము లేక నిర్భయముగా తన పనికి నడచిపోఁగల సౌలభ్యమని యర్థము.

ఉదాహరణమునకు, గోండురాజులు కోటగోడ కట్టి, జట్‌పురా మొదలగు ద్వారములు నిలిపిన మహారాష్ట్రమందలి చంద్రపురము కాలినడకకును ఎడ్లబండికిని తగిన కొలతతో పుట్టినదే. బొగ్గుగనులును దుర్గాపురపు తాపవిద్యుత్కేంద్రమును వచ్చి దానిని గోడ వెలుపలికి సాగదీయఁగా, 2011 నాటికి 3,20,379 జనమునకు నెలవైన యీ యూరిలో, ఆ పాత కమానుక్రిందనే నేఁడు ఆటోలును స్కూటర్లును ఒరసికొనుచున్నవి. సిటీబస్సు లొక్కటే చాలునందురు కొందఱు. బస్సెక్కుటకైనను ముందు నడువవలెను గదా!

చైత్రమాసమున అచ్చటి మహాకాళి జాతరకు మన తెలుగుసీమనుండి పోవు యాత్రికు లీ పదమునకు నిఘంటువు విప్పకయే, కాఁగిన తారుబాటమీఁద, అరికాళ్లతో నర్థ మెఱుఁగుదురు.