కానుకల పాటకు లేచేవాళ్లు

క్రిస్మస్ రోజు మధ్యాహ్నం భోజనం ఎన్నింటికని మదనపల్లెలో అడిగితే గడియారం చూసి చెప్పేవాళ్లు తక్కువ. "అయ్యగారు ప్రసంగం ముగించిన గంటకి" అంటారు. ఆరాధన 12.30కి విడిచారనుకోండి. అందరికీ చేతులిచ్చి, శుభాకాంక్షలు చెప్పుకొని, ఫోటోలు దిగి ఇల్లు చేరేసరికి ఒంటిగంట. అప్పుడు బిరియానీకి ఎసరు పెడితే ఏమవుతుందో చూద్దాం.

ఇరవైమందికి 3 కిలోల బియ్యం, 3 కిలోల మటన్ లెక్క. అంత బియ్యానికి సరిపడా నీళ్లు తెర్లడానికి 20 నిమిషాలు. బియ్యం ముక్కాలు వంతు ఉడకడానికి 8 నుంచి 10 నిమిషాలు. దమ్ము 30 నిమిషాలు. మంట ఆపాక మూత తీయకుండా మరో 15. మొత్తం గంటంపావు. అంటే ఆకు ముందు కూర్చునేది 2.15కి. పొద్దున ఇడ్లీ తిని చర్చికి పోయిన పిల్లలు అంతసేపు ఆగరు. ఆగకపోతే ఏం చేస్తారు? కేకు మీద పడతారు, తర్వాత అన్నం ముట్టరు.

అందుకే ప్రతి ఇంటికీ ఒక మనిషి ఉంటుంది. కానుకల పాట ఎత్తుకోగానే వెనక బెంచీలోంచి చప్పుడు కాకుండా లేచి, గుమ్మం బయట కుప్పగా పడున్న చెప్పుల్లో తనవి కాలితోనే వెతుక్కుని వెళ్లిపోతుంది. 12.15కి పొయ్యి వెలిగిస్తే 1.30కి మూత తీయొచ్చు. ఆ ముక్కాలు గంట లాభం అంతా ఆమె వదులుకున్న ఆశీర్వాదం ఖరీదు. మా ఇంట్లో చాలా ఏళ్లు ఆ మనిషి మా చిన్నమ్మే. ఈ పని మగవాళ్లకు ఎందుకు పడదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. చెప్పులు వెతుక్కోవడం వాళ్లకూ వచ్చు.

మటన్ సంగతి వేరు. దాన్ని చర్చికి పోకముందే ఉడికించాలి, అదీ కుక్కర్లో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. అంటే మన గిన్నెలో నీళ్లు 98 డిగ్రీలు కూడా దాటకుండానే తెర్లుతాయి. చెన్నైలో వంట నేర్చుకుని వచ్చిన కోడలు "ఇక్కడ ముక్క ఎంతకీ ఉడకదత్తా" అంటే అది సాకు కాదు. మూత బిగించిన కుక్కర్లో వేడి 120 డిగ్రీల దగ్గరికి పోతుంది కాబట్టి ఆ తేడా అక్కడ పెద్దగా తెలియదు. పుంగనూరు పల్లెల్లో సంగటిలోకి నాటుకోడి పులుసు పెట్టుకునేవాళ్లు మట్టి కుండే కావాలంటే మాత్రం గంటన్నర చేతిలో పెట్టుకోవాలి.

మరి అన్నం కూడా తెల్లారే వండేసి పోతే? మా చిన్నమ్మను ఒకసారి అడిగాను.

"పొద్దున్నే వండిపెడితే పొయ్యేదేముంది చిన్నమ్మా?"

"పొయ్యేది కడుపే."

ఆమె చెప్పింది శాస్త్రమే. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. అన్నం 60 డిగ్రీల కిందికి దిగి గంటల తరబడి అలాగే ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషాల్లో ఒకటి మళ్లీ వేడి చేసినా పోదు. వండినది రెండు గంటలకు మించి బయట ఉంచొద్దన్నది అందుకే. మటన్ కూడా చల్లారాక ఫ్రిజ్‌లోకి పోవాల్సిందే, దమ్ముకు ముందు బుడగలొచ్చేలా మరగాల్సిందే.

ఇక తినే వరస సంగతి. జేకబ్ చేంబర్లిన్ 1863లో మదనపల్లెలో మిషన్ పెట్టారు. మేరీ లాట్ లైల్స్ ఆసుపత్రి 1911లో వచ్చింది. అమెరికా మిషనరీల పేర్లు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి కానీ ముందు సూపు, తర్వాత మాంసం, చివర తీపి అనే వరస మాత్రం మన ఇళ్లలో నిలవలేదు. మనది తలకిందుల వరస. తీపి ముందు, అదీ మనకు కాదు, పక్కింటికి.

కజ్జికాయలు, మురుకులు, గులాబీ పువ్వులు 24వ తేదీకే డబ్బాల్లో ఉంటాయి. 25 పొద్దున చర్చికి పోయే దారిలో పళ్లేలు వీధిలోకి పోతాయి. మాంసం వాసన తగలకముందే పోవడం మర్యాద, ఎందుకంటే క్రిస్మస్ ఎప్పుడొచ్చినా ధనుర్మాసంలోనే. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లకు మండల పూజకు ఇంకా ఒకటి రెండు రోజులుంటుంది. 2020లోనైతే డిసెంబరు 25నే ముక్కోటి ఏకాదశి పడి, మా వీధిలో సగం ఇళ్లు ఉపవాసం. పళ్లేలు పుచ్చుకున్నారు, మర్నాడు తిన్నారు. 2027లో శనివారం వస్తుంది, వెంకన్న భక్తులు నీచు ముట్టని రోజు. బిరియానీ పంపాలనుకునేవాళ్లు క్యాలెండరు చూసుకోవడం మంచిది.

కుప్పంలో లెక్క ఇంకో రకం. బెంగళూరు ఇక్కడికి రైల్లో 100 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ఉద్యోగాలు చేసే పిల్లలు కొందరు పండగ పొద్దునే రైలెక్కుతారు. రైలు 40 నిమిషాలు ఆలస్యమైతే దమ్మూ అంతే ఆలస్యం. ఇటు జోలార్‌పేట దాటితే ఆంబూరు కాబట్టి కొన్ని ఇళ్లలో జీరగ సాంబ బియ్యంతో బిరియానీ, పక్కన పుల్లటి వంకాయ కూర. ఆ చిన్న గింజ తొందరగా మెత్తబడుతుంది, ఎసట్లో ఒక్క నిమిషం ఏమరితే ముద్దే.

అసలు చిక్కు వడ్డనలో ఉంది. హాల్లో చాపలు పరిస్తే ఎనిమిదిమంది పడతారు. ఇరవైమందికి మూడు బంతులు, బంతికి 25 నిమిషాలు. మొదటి బంతి పెద్దవాళ్లు, పిల్లలు, చుట్టాలు. రెండోది మిగిలిన మగవాళ్లు. వండినవాళ్లు మూడోది, 2.20కి. అప్పటికి డేక్షా మూత ఎన్నిసార్లు తీశారో! అడుగున మిగిలింది గోరువెచ్చటి అన్నం, ఎముకలు. చర్చిలోంచి ముందుగా లేచి వచ్చిన మనిషే అందరికన్నా ఆఖర్న, అందరికన్నా చల్లారింది తింటుంది.

దీనికి మందు ఖరీదైనదేం కాదు. 3 కిలోలు ఒకే డేక్షాలో కాకుండా రెండింటిలో వండాలి, 2 కిలోలు, 1 కిలో. చిన్నదాన్ని ముక్కాలు గంట ఆలస్యంగా దమ్ముకు పెట్టాలి. రెండు బంతులయ్యేదాకా దాని మూత మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. మా ఇంట్లో ఇది మొదలుపెట్టిన ఏడాది చిన్నమ్మ మూత తీసి, ఆవిరికి కళ్లద్దాలు మసకబారి, తుడుచుకోకుండా అలాగే కాసేపు నిలబడింది.

పక్కింటికి పోయిన పళ్లెం మాత్రం ఆ రోజు తిరిగి రాదు. ఖాళీ పళ్లెం పంపకూడదని వాళ్లింట్లో పట్టింపు. 20 రోజులాగి, సంక్రాంతికి అరిసెలతో వస్తుంది.