పవర్ టిల్లర్ బెల్టు జారుతోందా? బిగించే ముందు ఇవి చూడండి

కాలువ వంతు నీళ్లు మడిలో నిండుగా ఉన్నాయి. నాట్లకు కూలీలు రేపు పొద్దున్నే వస్తామన్నారు. సరిగ్గా అప్పుడే, సగం దమ్ములో పవర్ టిల్లర్ మొరాయిస్తుంది. ఇంజిన్ బాగానే మోగుతుంటుంది, కానీ చక్రాలు ముందుకు లాగవు, రోటరీ కత్తులు బురదలో నెమ్మదిస్తాయి. కాసేపటికి రబ్బరు కాలిన వాసన వస్తుంది. ఇలాంటప్పుడు మన రైతులు ఎక్కువమంది చేసే పని ఒక్కటే: స్పానర్ తీసి బెల్టులు గట్టిగా బిగించడం. ఆ పూటకు పని జరుగుతుంది. కానీ జారడానికి కారణం వదులు కాకుండా మరొకటైతే, ఆ బిగింపు దెబ్బ బేరింగుల మీద పడుతుంది. బెల్టుల సెట్టు ధరకూ, ఇంజిన్ షాఫ్టు బేరింగో గేరు బాక్సు బేరింగో విప్పి మార్చే ఖర్చుకూ పోలిక లేదు. అందుకే ముందు కారణం వెతకాలి, ఆ తర్వాతే స్పానర్ పట్టాలి.

అన్నిటికంటే ముందు ఒక మాట. బెల్టు దగ్గర చెయ్యి పెట్టే ముందు ఇంజిన్ పూర్తిగా ఆపండి. యాక్సిలరేటర్ లివరును ఆపే స్థానంలో ఉంచండి. ఇది డీజిల్ ఇంజిన్. పక్కనున్న మనిషి సాయం చేద్దామని హ్యాండిల్ తిప్పితే చాలు, ఒక్కసారిగా అందుకునే ప్రమాదం ఉంది. బెల్టుకూ పుల్లీకీ మధ్య ఇరుక్కుని వేలి కొసలు పోగొట్టుకున్న డ్రైవర్లను నా సర్వీసులో చూశాను. తలపాగా కొస, పంచె అంచు, చేతికి కట్టుకున్న తాడు కూడా అంతే ప్రమాదం. బెల్టు కవర్ విప్పి పక్కన పడేసి నడిపే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

జారేది బెల్టా, క్లచ్చా?

పవర్ టిల్లర్‌లో ఇంజిన్ శక్తి మూడు నాలుగు వి-బెల్టుల ద్వారా వెనక ఉన్న పెద్ద పుల్లీకి చేరుతుంది. మెయిన్ క్లచ్ ఆ పెద్ద పుల్లీ లోపలే ఉంటుంది. కాబట్టి ఇంజిన్ తిరుగుతూ బండి కదలకపోతే తప్పు బెల్టుదైనా కావచ్చు, క్లచ్చుదైనా కావచ్చు. ఈ తేడా తెలుసుకోకుండా బెల్టులు కొనేసి, అవి వేశాక కూడా బండి లాగడం లేదని వచ్చే రైతులు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

ముందు ఇంజిన్ చప్పుడు వినండి. భారం పడగానే ఇంజిన్ గొంతు తగ్గి, నల్లపొగ వదిలి, ఆగిపోయేలా ఉంటే అక్కడ ఏదీ జారడం లేదు. భూమి బరువుగా ఉందనో, లోతు ఎక్కువ పెట్టారనో, ఇంజినులోనే లోపం ఉందనో అర్థం. అలా కాకుండా ఇంజిన్ చప్పుడు తగ్గకుండా పని మాత్రం తగ్గితే మధ్యలో ఎక్కడో జారుతోంది. అప్పుడు ఇంజిన్ ఆపి, కవర్ తీసి, ముట్టుకోకుండా అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి వేడి చూడండి. ఇంజిన్ వైపు చిన్న పుల్లీ, బెల్టులు బాగా కాలుతూ, కవర్ లోపల నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే జారింది బెల్టే. బెల్టులు మామూలుగా ఉండి వెనక పెద్ద పుల్లీ మధ్య భాగం సెగలు కక్కుతుంటే క్లచ్ వైపు చూడాలి. క్లచ్ లివరుకు ఉండాల్సిన కొద్దిపాటి ఆట లేకపోయినా క్లచ్ పూర్తిగా పట్టదు. కాబట్టి ముందు రాడ్డు సర్దుబాటు చూడండి. ప్లేట్లు అరిగిపోతే మాత్రం మెకానిక్ దగ్గరకు వెళ్లక తప్పదు.

వి-బెల్టు పట్టు పక్కల్లో ఉంటుంది

బెల్టు పుల్లీని అడుగు భాగంతో పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. వి-బెల్టు అలా పని చేయదు. పచ్చరు కొట్టినట్టు గాడిలోకి దిగి, రెండు పక్క గోడలను ఒరుసుకుని పట్టు తెచ్చుకుంటుంది. బెల్టు అడుగుకూ గాడి అడుగుకూ మధ్య ఎప్పుడూ ఖాళీ ఉండాలి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం లోపాలు మీరే కనిపెట్టగలరు.

బెల్టులు తీసి పుల్లీ గాడుల్లోకి టార్చి వేసి చూడండి. గాడి అడుగు భాగం తళతళ మెరుస్తోందా? అంటే బెల్టు అరిగి గానీ, గాడి వెడల్పై గానీ బెల్టు అడుగుకు తగులుతోంది. అలాంటి బెల్టును ఎంత బిగించినా పట్టు రాదు. బెల్టులు వేసి ఉన్నప్పుడైతే ఒక ఉక్కు స్కేలును పుల్లీ అంచుల మీద అడ్డంగా పెట్టండి. బెల్టు పైభాగం అంచుతో సమానంగా గానీ కాస్త ఎత్తుగా గానీ ఉండాలి. అన్నీ సమానంగా ఉండి ఒక్కటి మాత్రం లోపలికి కుంగితే ఆ బెల్టునైనా, ఆ గాడినైనా అనుమానించాలి. కొత్త బెల్టు వేసి చూస్తే ఏదో తేలిపోతుంది. కొత్తదీ కుంగితే గాడి అరిగినట్టే, పుల్లీ మార్చాలి. అరిగిన పుల్లీ మీద కొత్త బెల్టులు వేయడం చిల్లు గోతంలో వడ్లు పోసినట్టే.

బెల్టు పక్క గోడలను కూడా చూడండి. కొత్త బెల్టు పక్కలు మసకగా, కొద్దిగా గరుకుగా ఉంటాయి. జారి జారి వేడెక్కిన బెల్టు పక్కలు గాజులా నున్నగా, గట్టిగా మారతాయి. ఆ మెరుపును రంపపు బ్లేడుతోనో గరుకు కాగితంతోనో గీకితే పట్టు తిరిగి రాదు, బెల్టు ఇంకా సన్నబడుతుంది. లోపలి వైపు అడ్డంగా పగుళ్లు, విడిపోతున్న గుడ్డ పొర, పోగులు కనిపిస్తే ఆ బెల్టు పని అయిపోయింది.

నూనె, బురద, నీళ్లు

బెల్టులకు నూనె తగిలిందంటే ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోనిదే ఇంకే పనీ మొదలుపెట్టకండి. చాలాసార్లు ఇంజిన్ షాఫ్టు ఆయిల్ సీల్ గానీ, గేరు బాక్సు షాఫ్టు సీల్ గానీ కారుతుంటుంది. డీజిల్ పైపు జాయింటు నుంచి చుక్క చుక్కగా పడటమూ మామూలే. సీల్ మార్చకుండా బెల్టులు మారిస్తే వారం తిరక్కుండానే కొత్తవీ పాడవుతాయి. నూనె తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటి బెల్టును కడిగినా లాభం లేదు. కొద్దిగా చిమ్మిన నూనె అయితే బెల్టు విప్పి సబ్బు నీళ్లతో తుడిచి, నీడలో ఆరబెట్టి వాడుకోవచ్చు. పెట్రోలు, డీజిలు, కిరోసిన్‌తో మాత్రం బెల్టును తుడవకండి. పుల్లీ గాడులను కూడా సబ్బు నీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవండి.

దమ్ములో బురదనీళ్లు చిమ్మి బెల్టు తడిస్తే కాసేపు జారుతుంది, ఆరగానే పట్టుకుంటుంది. ఇది మాటిమాటికీ జరుగుతుంటే బెల్టు కవర్ పగిలిందో, బోల్టులు ఊడి పక్కకు ఒరిగిందో చూడండి. గాడిలో ఎండి గట్టిపడిన బురద బెల్టును పైకి లేపేస్తుంది. దాన్ని పుల్లతో గీకి తీసేయండి.

జారే బెల్టు మీద గుగ్గిలం పొడి చల్లడం, సబ్బు రుద్దడం ఇంకా కొన్ని ఊళ్లలో కనిపిస్తుంది. వెనకటి చదును బెల్టుల కాలంలో గుగ్గిలానికి కొంత అర్థం ఉండేదేమో. వి-బెల్టుకు అది జిగురై దుమ్ము పట్టుకుని పక్క గోడలను తినేస్తుంది.

బిగువు ఎంత ఉండాలి?

పైవన్నీ చూశాక, బెల్టు మంచిదై వదులుగా మాత్రమే ఉందని తేలితే అప్పుడు బిగించండి. చాలా టిల్లర్లలో ఇంజిన్ మౌంటింగ్ నట్లు కొద్దిగా వదులు చేసి, సర్దుబాటు బోల్టుతో ఇంజినును జరిపితే బెల్టులు బిగుస్తాయి. కొన్ని యంత్రాల్లో విడిగా టెన్షన్ పుల్లీ ఉంటుంది. సరైన కొలత మీ యంత్రంతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి. పుస్తకం పోయిందంటే, రెండు పుల్లీల మధ్య ఒక అడుగు విడిగా ఉన్న బెల్టును మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే 10 నుంచి 15 మిల్లీమీటర్లు, అంటే సుమారు అర అంగుళం దిగాలి. ఇది మామూలు వి-బెల్టులకు పాటించే అంచనా. అసలు దిగకపోతే ఎక్కువ బిగించినట్టు.

ఇంజినును జరిపాక వదిలేయకండి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ జరిగితే పుల్లీలు వంకర పడతాయి. ఒక దారాన్ని రెండు పుల్లీల పక్క ముఖాల మీదుగా బిగుతుగా లాగి పట్టండి. అది రెండు పుల్లీల అంచులకూ నాలుగు చోట్లా తగలాలి. పుల్లీల అంచుల మందం వేరైతే అంచు నుంచి కాకుండా గాడి నుంచి కొలుచుకోవాలి. వంకర ఉంటే బెల్టు ఒక పక్కే అరుగుతుంది, ఒక్కోసారి గాడిలో తిరగబడుతుంది. సరిచేశాక మౌంటింగ్ నట్లన్నీ బిగించి మరోసారి బొటనవేలితో నొక్కి చూడండి.

సర్దుబాటు బోల్టు చివరిదాకా వచ్చేసినా బెల్టు వదులుగానే ఉందంటే బెల్టులు సాగిపోయాయి. ఇక మార్చాల్సిందే.

కొనేటప్పుడు

మూడు బెల్టుల్లో ఒకటి తెగితే ఒక్కటే కొనడం మనకు అలవాటు. డబ్బు ఆదా అనిపిస్తుంది. పాతవి వాడకంలో కొంత సాగి ఉంటాయి, కొత్తది పొట్టిగా ఉంటుంది. భారమంతా ఆ ఒక్కదాని మీదే పడి అది తొందరగా పోతుంది, పాత రెండూ ఊరికే జారుతూ ఉంటాయి. సెట్టు మొత్తం ఒకే కంపెనీవి, ఒకే నంబరువి తీసుకోండి. పాతవాటిలో ఇంకా బాగున్నవాటిని అత్యవసరానికి దాచుకోవచ్చు, అవి కూడా కలిపి ఒకే సెట్టుగా వాడాలి.

దుకాణానికి పాత బెల్టును పట్టుకెళ్లండి. దాని మీద అక్షరం, అంకె ఉంటాయి. అక్షరం వెడల్పును చెబుతుంది. ఎ సెక్షన్ పైభాగం 13 మిల్లీమీటర్లు, బి సెక్షన్ 17 మిల్లీమీటర్లు. ఆ పక్కన ఉండే రెండంకెల సంఖ్య సాధారణంగా లోపలి పొడవు, అంగుళాల్లో. బి సెక్షన్ దొరకలేదని ఎ సెక్షన్ అంటగడితే తీసుకోవద్దు. అది గాడి అడుగుకు దిగిపోయి మొదటి మడిలోనే జారుతుంది.

కొత్త బెల్టును స్క్రూడ్రైవరుతో మీటి ఎక్కించకండి. పైకి ఏమీ కనిపించకపోయినా లోపలి దారాలు తెగి, కొన్ని రోజులకు బెల్టు పుటుక్కుమంటుంది. ఇంజినును పూర్తిగా వెనక్కి జరిపి చేత్తో వేయండి. కొత్తవి మొదటి రోజు పనిలోనే కాస్త సాగుతాయి, కాబట్టి సాయంత్రం బిగువు మళ్లీ చూడాలి.

బెల్టులు కొత్తవైనా, బిగువు సరిగ్గా ఉన్నా జారుతున్నాయంటే బండి మీద భారం ఎక్కువైంది. రోటరీ షాఫ్టుకు గడ్డి, వరి దుబ్బులు చుట్టుకున్నాయేమో చూడండి. కత్తులు అరిగితే మట్టిని కోయకుండా ఈడుస్తాయి, అదీ భారమే. గట్టి నేలలో మొదటి చాలు తక్కువ లోతులో వేసుకుని, రెండో చాలులో లోతు పెంచుకోవడం మంచిది. ట్రైలరు మీద ఇసుకో ఇటుకలో మోతాదు మించి వేసి గట్టు ఎక్కించే వారి బెల్టులు ఎన్ని సీజన్లు ఆగుతాయో వారికే తెలుసు.

యంత్రాన్ని సొంతంగా చూసుకోవడం నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ ఇస్తారు. వివరాలు మీ మండల వ్యవసాయాధికారిని అడగండి.

సీజన్ అయ్యాక టిల్లరును చెట్టు కింద వదిలేయకుండా కడిగి, నీడలో పెట్టి, బెల్టుల బిగువు వదులు చేయండి. విడి బెల్టులను సన్నటి మేకుకు వేలాడదీస్తే ఆ ఒక్కచోటే మడత పడుతుంది. లావుపాటి కర్రకు వేయండి, వడ్ల బస్తాలకు దూరంగా. ఎలుకలకు రబ్బరన్నా, అందులోని గుడ్డన్నా తేడా లేదు.